ఉత్తరం వైపు ఎర్రదీపం

పైన్ పోర్టేజ్, మిషిగన్
8 జనవరి 1971

తౌనో మామయ్యకు,

నేను మీ చెల్లెలు హిల్యా కూతుర్ని, ఇల్మాని. ఈ ఉత్తరం ఇప్పుడే రాయక తప్పని కారణం ముందు చెప్పేస్తాను. మా గనుల కళాశాల ఐస్ హాకీ జట్టుకు ఈ చలికాలంతో యాభై ఏళ్ళు నిండుతున్నాయి. మార్చి ఆరున పాత చెక్క రింకులో, అంటే మా మంచు ఆటస్థలంలో, చివరి ఆట. తర్వాత దాన్ని పడగొట్టేస్తారు. ఆ రోజు పంచడానికి మరపురాని పది ఆటల మీద చిన్న పుస్తకం రాయమని మా ప్రొఫెసర్ నాకు అప్పగించారు. ఫిబ్రవరి ఇరవై ఆరున అది ప్రెస్సుకు వెళ్ళాలి. తొమ్మిది ఆటలు ఎలాగో రాయగలను. పదోది 1941 ఫిబ్రవరి 15 నాటిది. దానికి మీరు కావాలి.

స్కోరు పుస్తకంలో ఆ రోజుకు ఒక్క వరుసే ఉంది. స్కోరు సమమై పొడిగించిన మూడో అదనపు ఆట, నాలుగో నిమిషం, మధ్యగీత దగ్గర నుంచి దూరపు దెబ్బ, గోల్‌కీపర్ వి. సవోలా, 3–4 ఓటమి. అంతే. ఆ గోల్‌కీపర్ మీ అన్న వేయిక్కో, మా పెద్ద మామయ్య, ఆ సాయంత్రమే కాలువ మీద మంచు విరిగి పోయారని, మంచు కరిగాక ఏప్రిల్‌లో దొరికారని మాత్రం మా ఇంట్లో తెలుసు. ఆ పేజీకి మా ప్రొఫెసర్ ఒక వాక్యం ముందే రాసిపెట్టారు: "గోల్‌కీపర్ ఏమరుపాటు వల్ల చేతికందిన గెలుపు జారిపోయింది." దాన్ని శుభ్రంగా టైపు చేయాల్సింది నేను.

అమ్మని అడిగాను. పిండి కలుపుతున్న చెయ్యి ఆగింది.

"నిన్నెవరడిగారు ఆ సంగతి?"

"పుస్తకం కోసం."

"మిగతా తొమ్మిదీ ఉన్నాయిగా. వాటినే కాస్త లావుగా రాయి."

పెద్ద మామయ్య ఈ కాలేజీ మెట్లు ఎక్కింది ఒక్క చలికాలమే. మన ఇంట్లో ఆయన తర్వాత ఎక్కినదాన్ని నేను. చదువు పూర్తిచేసి, డిగ్రీ కాగితం చేత పట్టుకుని ఆ మెట్లు దిగే మొదటి మనిషిని నేనే కావాలని నాన్న గనిలో రెండు షిఫ్టులు చేస్తున్నాడు. అలాంటి నేను పెద్ద మామయ్య పేరు పక్కన ఆ మాట ఎలా టైపు చేయను? మీరు ఆ రోజు రింకులో ఉన్నారట. ఏం చూశారో రాయండి.

మీ మేనకోడలు
ఇల్మా పెర్టులా


ఆస్టోరియా, ఆరెగన్
17 జనవరి

ఇల్మా,

నీ దస్తూరీ చూసి బ్యాంకు ఉత్తరమనుకుని రెండు రోజులు విప్పలేదు. మనవాళ్ళలో ఇంత గుండ్రంగా రాసేవాళ్ళు ఎవరూ లేరు. మొదటి మాట, నాకు మీరూ గీరూ వద్దు. మేనమామని. నువ్వు అను.

ఇక్కడ నవంబరు నుంచి వాన. పడవలు ఒడ్డునే ఉన్నాయి. రోజంతా షెడ్డులో కూర్చుని వలలు బాగుచేసుకుంటున్నాం. పక్కన కూర్చునే ముసలాయనకి నీ ఉత్తరం సంగతి చెబితే, "హాకీ మీద పుస్తకమా? చదివేవాడికి ఆటలో దెబ్బలు తిని పళ్ళుండవు కదయ్యా" అన్నాడు. వాడికీ లేవు.

నీ పుస్తకానికి రెండు ఆటలు ఇస్తాను. ఒకటి 1936లోది. ఆట నడుమ కరెంటు పోయింది. మూడు వందలమంది గని కార్మికులు షిఫ్టు దిగి తిన్నగా అక్కడికే వచ్చారు. అందరి టోపీలకీ కార్బైడ్ దీపాలు. ఒక్కొక్కడే వెలిగించాడు. మిగిలిన పావుగంట ఆట ఆ వెలుగులోనే ఆడారు. మంచు మీద రబ్బరు బిళ్ళ ఎటు పోతే తలలన్నీ అటు తిరిగేవి, తలలతోపాటు వెలుగూ తిరిగేది. అవతలి జట్టువాళ్ళకి కళ్ళు బైర్లు కమ్మి మూడు గోల్స్ ఇచ్చుకున్నారు.

రెండోది 1941 జనవరిలో. అన్న వేయిక్కో, మాంసం కూరి కాల్చిన వేడి వేడి పాస్టీని మోకాలి కట్టులో దాచుకునేవాడు, కాలు వెచ్చగా ఉంటుంది, విరామంలో తినొచ్చు అని. ఒక దెబ్బ సరిగ్గా అక్కడే తగిలింది. లోపలి టర్నిప్ ముక్కలూ మాంసమూ మంచు మీద పడ్డాయి. రిఫరీ గాయమనుకుని డాక్టరును పిలిచాడు. డాక్టరు వంగి వాసన చూసి, "ఉల్లిపాయ తక్కువైంది" అన్నాడు.

పదోదాని బదులు వీటిలో ఒకటి రాసుకో. ఫిబ్రవరి ఆట గురించి, ఆ రోజు చలి ఎక్కువగా ఉంది అని రాయి. అది నిజం. అంతకన్నా నన్ను అడక్కు. నేను మన ఊరికి ఎందుకు రానో మీ అమ్మకు తెలుసు.

తౌనో


పైన్ పోర్టేజ్
26 జనవరి

మామయ్యా,

నువ్వు అంటున్నాను, అలవాటు కాలేదు.

పాస్టీ కథ భోజనాల దగ్గర పైకి చదివాను. నాన్న బల్ల మీద గుద్ది మరీ నవ్వాడు. అమ్మ లేచి కట్టెలు తేవడానికి వెళ్ళింది. పొయ్యి పక్కన పెట్టె నిండా కట్టెలున్నాయి.

నీకు ఇంకో సంగతి చెప్పాలి. నవ్వినా ఫర్వాలేదు. గురువారం మధ్యాహ్నం రింకులో ఒక్కదాన్నే కూర్చుని గోడ మీద పాత జట్ల ఫోటోల కింద పేర్లు రాసుకుంటున్నాను. నాలుగు కావస్తోంది. ఉత్తరం వైపు గోలు వెనక ఎర్రదీపం వెలిగింది. ఎవరూ లేరు. కాసేపు వెలిగి దానంతటదే ఆరింది. మంచు పరిచే ఈసక్ తాతను పిలిచాను. ఆయన చీపురు ఆపనైనా లేదు.

"వెలిగిందా? వెలుగుతుందిలే."

"తీగ పాడైందేమో తాతా."

"రెండుసార్లు మార్చాను తీగ. బల్బు ఎన్నిసార్లు మార్చానో లెక్కలేదు. అది మాత్రం మారలేదు."

"ఎప్పటినుంచి?"

"పడగొట్టేస్తున్నారుగా, ఇప్పుడెందుకు? మీ మామయ్యను అడుగు. ఆ దీపం వేసే బోనులో అప్పట్లో కూర్చున్నది ఆయనే."

అప్పుడు వెళ్ళి స్కోరు పుస్తకం మళ్ళీ తీశాను. ఆ పేజీ అడుగున, ఉత్తరం వైపు గోల్ జడ్జి అన్నచోట, టి. సవోలా అని సంతకం ఉంది. ఇన్నాళ్ళూ అది తేదీ ముద్ర చెరిగిన గుర్తనుకున్నాను. బిళ్ళ గీత దాటిందని చూసి, గోలైందని దీపం వేసింది నువ్వే. నీ ఉత్తరంలో టర్నిప్ ముక్కలున్నాయి కానీ ఈ మాట లేదు.

అమ్మ ముందు సంతకం మాట ఎత్తాను. ఈసారి జవాబిచ్చింది. ఇవ్వకపోయినా బాగుండేది.

"మీ మామయ్య నాకు ఒకటే చెప్పాడు. చివర్న వేయిక్కో ఓహి అన్నాడట. దెబ్బ తగలకముందే, అంతా అయిపోయింది అని చేతులెత్తేశాడు. వదిలేసుకున్నవాడు మంచు మీదికి ఎందుకు వెళ్ళాడో ఇంకెవరూ నాకు చెప్పక్కర్లేదు."

ఓహి మన ఫిన్నిష్ మాటే, కానీ నా ఫిన్నిష్ వంటింటి ఫిన్నిష్. సూపు ఓహి అంటే సూపు అయిపోయింది, ఆదివారం ఓహి అంటే ఆదివారం అయిపోయింది. నాకు తెలిసిన ఓహి అదొక్కటే. పెద్ద మామయ్య నిజంగా ఆట వదిలేశాడా? ఆ మాట చెప్పి ఊరొదిలి వెళ్ళినవాడివి నువ్వు. అలాంటప్పుడు మా ప్రొఫెసర్ వాక్యం తప్పని నేనెలా వాదించను? ఆయన్నీ కలిశాను. "చూసినవాడు సంతకం పెట్టి రాసిస్తే మారుస్తాను. లేకపోతే స్కోరు పుస్తకమే సాక్ష్యం" అన్నారు.

నాకు నీ మీద కోపంగా ఉందని దాచను. పాస్టీ కథకి మాత్రం కృతజ్ఞతలు.

ఇల్మా


ఆస్టోరియా
4 ఫిబ్రవరి

ఇల్మా,

నాలుగు కాగితాలు చించాను. ఇది ఐదోది. బాగున్నా లేకపోయినా పోస్టులో వేస్తాను.

నీకు తెలిసింది వంటింటి ఓహి. రింకులో ఓహి వేరు. అవతలి జట్టుకు అర్థం కాకూడదని మనవాళ్ళు మంచు మీద ఫిన్నిష్‌లోనే అరుచుకునేవాళ్ళు. ఓహి అంటే పోయింది. గోలు పక్కనుంచి పోయింది, భయం లేదు అని గోల్‌కీపర్ అరిచేది ఆ మాటే. నన్ను దాటి పోయింది అన్నా ఆ మాటే. అంతా పోయింది అన్నా అదే. గొంతును బట్టి తెలుసుకోవాలి. నాకు పదిహేడేళ్ళు. చెవుల మీదికి ఉన్ని టోపీ లాక్కుని ఉన్నాను.

బోనుకు ముందు సన్న కమ్మీల తడిక. నా ఊపిరికే దాని మీద మంచు పేరుకునేది. గోటితో గీకి చిన్న కంత చేసుకుని చూసేవాణ్ణి. మూడో అదనపు ఆటకి వేళ్ళు మొద్దుబారాయి. వాడు దూరం నుంచి కొట్టాడు. అన్న ముందు నలుగురు అడ్డం. నాకు అన్న వీపు తప్ప ఏమీ కనబడలేదు. ఓహి అన్నాడు. నన్ను దాటింది అంటున్నాడని వినబడింది నాకు. బొటనవేలు దీపం మీట నొక్కేసింది.

తర్వాత చూశాను. బిళ్ళ గోలులో లేదు. బయట, చెక్కగోడకు కొట్టుకుని, నా మోకాళ్ళ ఎదురుగా పడి ఉంది.

ఎర్రదీపం వెలుగుతోంది. రిఫరీ దీపం చూసి చెయ్యెత్తాడు. అవతలివాళ్ళు కర్రలు గాల్లోకి విసిరేశారు. అన్న నా దగ్గరికి జారుకుంటూ వచ్చి తడిక మీద తట్టాడు. "తౌనో, ఆర్పెయ్" అన్నాడు. అరవలేదు. ఇంట్లో పడుకునే ముందు చెప్పినట్టు చెప్పాడు. నా వేలు కదల్లేదు. చుట్టూ రెండు వేలమంది మన ఊరివాళ్ళు. సొంత తమ్ముడే తప్పు దీపం వేశాడని తెలిస్తే నన్ను అక్కడే విరగ్గొట్టేవాళ్ళు. అది అన్నకూ తెలుసు. కాసేపు నన్ను చూశాడు. వెనక్కి తిరిగి వెళ్ళి, కొట్టినవాడికి చెయ్యి కలిపాడు. రిఫరీకి ఒక్క మాట చెప్పలేదు.

నేను ఇంటికి పోలేదు. రింకు కింద బాయిలర్ గదిలో దాక్కున్నాను. ఈసక్ చూసి, చూడనట్టు ఊరుకున్నాడు. తెల్లారి బయటికొచ్చేసరికి కాలువ ఒడ్డున జనం. టగ్గు పడవ ముందురోజు మంచు కోసుకుపోయిన దారి మీద పలచగా పొర కట్టింది. అన్న అందులో పోయాడు.

పరువు పోయి, కావాలనే అటు వెళ్ళాడని అందరూ అనుకున్నారు. నేనూ అలాగే అనుకున్నాను, ఇప్పటికీ అంతే. మీ అమ్మకి పదమూడేళ్ళు. నన్ను పట్టుకుని, చివర్న ఏమన్నాడు అని అడిగింది. ఓహి అన్నాడు అన్నాను. అబద్ధం కాదు. అయిపోయింది అన్నాడా అని అడిగింది. కాదనలేదు. అన్నే వదిలేశాడంటే దీపం గురించి ఎవరూ అడగరు. నేను చేసింది ఇదీ. వేలు ఒక్క క్షణం తప్పింది. నోరు ముప్పై ఏళ్ళు తప్పింది.

ఇక్కడ నది సముద్రంలో కలిసే చోట పడవలకు దారి చూపే ఎర్రదీపం ఒకటి ఉంది. నాలుగు క్షణాలకోసారి వెలుగుతుంది. ఈ ఇల్లు కొన్నప్పుడు చూసుకోలేదు, పడకగది కిటికీ సరిగ్గా అటే. మంచం తిప్పాను. గది మార్చాను. చివరికి ఆ కిటికీకి చెక్క కొట్టేశాను. పడవ మీద ఎవడైనా కుర్రాడు ఓహి అంటే, వల దాటి చేప పోయిందని వాడి గోల, నేను వెనక్కి తిరిగి చూస్తాను. ఎవరి గొంతో వెతుక్కుంటాను.

రింకులో ఆ దీపం వెలుగుతోందని రాశావు. నాకు నవ్వు రాలేదు.

ఇది నీకు రాసింది. పుస్తకానికి కాదు. చదివి పొయ్యిలో వెయ్యి.

తౌనో


పైన్ పోర్టేజ్
13 ఫిబ్రవరి

మామయ్యా,

పొయ్యిలో వెయ్యలేదు. రెండు రోజులు కోటు లోపల పెట్టుకు తిరిగాను. నువ్వు అమ్మను ఏం నమ్మనిచ్చావో తలుచుకుంటే చాలా కోపం వచ్చింది. పదిహేడేళ్ళ కుర్రాడు భయపడ్డాడంటే అర్థమవుతుంది. నలభై ఏడేళ్ళ మనిషి ఒక పోస్టుకార్డు రాయలేకపోయాడంటే అర్థం కాలేదు. బుధవారం నాన్న షిఫ్టుకు వెళ్ళాక అమ్మని కూర్చోబెట్టి మొత్తం చదివేశాను. అడక్కుండా చదివినందుకు తిడితే తిట్టు.

ఓహికి అన్ని అర్థాలున్నాయని నువ్వు రాసినచోట అమ్మ, "అది నాకెందుకు తట్టలేదు" అంది. దీపం దగ్గరికి వచ్చేసరికి చెయ్యి అడ్డం పెట్టి ఆగమంది. ఇంకోసారి చదవమంది. బిళ్ళ బయటే ఉంది అన్న వాక్యం మూడుసార్లు చదివించుకుంది. తర్వాత ఏమందో జాగ్రత్తగా రాస్తున్నాను. ఎందుకంటే ఇది నీకు ఊరట ఇస్తుందో, ఇంకా కష్టపెడుతుందో నాకు తెలియదు. దాచిపెట్టడం మాత్రం ఈ ఇంట్లో ఇంక నా చేతుల మీదుగా జరగదు.

"ఆ రోజు వేయిక్కో ఇంటికి వచ్చాడే" అంది.

నాకు ఎవరూ ఈ మాట చెప్పలేదు. నీకూ తెలియదని నీ ఉత్తరం చూస్తే అర్థమైంది.

"ఐదింటికి వచ్చాడు. స్కేట్లు గుమ్మంలో పెట్టాడు. అమ్మ పక్కింట్లో ఉంది, నేనొక్కదాన్నే. రెండు గిన్నెల సూపు తాగాడు. ఓడిపోయారా అన్నాను. ఓడిపోయామట, అన్నాడు. నవ్వుతూ అన్నాడు. తౌనో ఏడీ, ఇవాళ వాడి బొటనవేలు బిళ్ళకన్నా జోరుగా ఉంది అన్నాడు. అదేం మాటో నాకు ముప్పై ఏళ్ళుగా అర్థం కాలేదు. ఇప్పుడు నువ్వు చదివితే అర్థమైంది."

"తర్వాత?"

"వాడు భయపడి ఎక్కడో నక్కి ఉంటాడు, తీసుకొస్తాను అన్నాడు. ఎక్కడుంటాడని నన్ను అడిగాడు. ఆల్మా అత్తయ్య ఇంట్లో ఉంటాడు అన్నాను."

మామయ్యా, ఆల్మా అత్తయ్య ఇల్లు కాలువ అవతల.

"నాకేం తెలుసు? ఊరికే అన్నాను. నువ్వు చేతి తొడుగులు కుర్చీ మీద మర్చిపోయావని చూసి, తనవి వేసుకుని నీవి జేబులో పెట్టుకున్నాడు." అమ్మ నాతో మాట్లాడుతూనే నిన్ను నువ్వు అనడం మొదలుపెట్టింది. తనకు తెలియలేదు. "ఏప్రిల్‌లో దొరికినప్పుడు జేబులో రెండో జత ఉంది. ఎవరివి అని పోలీసు అడిగాడు. నేను నోరు విప్పలేదు. నేనే పంపానని తెలిస్తే మా అమ్మ నన్ను చూడగలదా? అందుకే నువ్వు చెప్పిన మాట పట్టుకున్నాను. వేయిక్కోయే వదిలేసి వెళ్ళిపోయాడంటే, నేను పంపినట్టు కాదుగా."

అమ్మ కప్పులో కాఫీ చల్లారిపోతే పారబోసి, వేడిది పోశాను. అదీ తాగలేదు. నీ ఉత్తరం తీసుకుని, ఇంగ్లీషు చదవడం రాకపోయినా, కాగితాలు ఒక్కొక్కటే తిరగేసి చూసింది. అందులో వేయిక్కో అన్న పేరు ఎక్కడుందో చూపించమంది. చూపించాను.

ఇప్పుడు నా పని. పదో ఆట పేజీ టైపు చేసి ఇందులో పెట్టాను. ఓహి గురించి రాశాను, తడిక మీద పేరుకున్న మంచు గురించి, కొట్టినవాడితో ఆయన చెయ్యి కలపడం గురించి రాశాను. చివర్న ఇలా ఉంది: "ఎర్రదీపం పొరపాటున వెలిగింది. బిళ్ళ గోలులో పడలేదు. గోల్‌కీపర్ వేయిక్కో సవోలా ఆ దెబ్బ పక్కనుంచి పోయిందని సరిగ్గానే చెప్పాడు." దాని కింద, ఈ మాట చెప్పినవారు అని రాసి ఖాళీ వదిలాను. సంతకం నువ్వు పెడితేనే మా ప్రొఫెసర్ ఒప్పుకుంటారు. నీ పేరు ఊరంతా చదువుతుంది, కొందరు ఊరుకోరు. అది తెలిసే అడుగుతున్నాను. నువ్వు పెట్టకపోతే నీ ఉత్తరం ఎవరికీ చూపించను. కానీ అప్పుడు ఏమరుపాటు అన్న పేజీయే వెళ్తుంది, ముప్పై ఏళ్ళు మన ఇంట్లో చెల్లింది ఇకమీదట అచ్చులో చెల్లుతుంది. దాన్ని టైపు చేయనని చెప్పేశాను. వేరే ఎవరైనా చేస్తారు.

అమ్మ చెప్పమన్నది కూడా రాస్తాను. రాస్తుంటే పక్కనే నిలబడి, రాశావా అని అడుగుతోంది.

"మార్చి ఆరున రమ్మని రాయి. ఆ రోజు నన్ను రింకుకి తీసుకెళ్ళలేదు, చిన్నపిల్లని, చలికి తట్టుకోలేనని. ఆ ఆట నేను చూడనే లేదు. చిన్నన్నయ్య వచ్చి, మొదటి నిమిషం నుంచి నాకు చెప్పాలి. వేయిక్కో ఆపినవన్నీ చెప్పాలి."

మూడు అదనపు ఆటలు, దాదాపు రెండు గంటలు పడుతుంది అన్నాను. పట్టనీ అంది.

పేజీ ఇరవై నాలుగు, బుధవారం సాయంత్రంలోపు నా చేతికి చేరాలి. సంతకం పెట్టినా పెట్టకపోయినా తిప్పి పంపు. ఏ బండికి వస్తున్నావో, అసలు వస్తున్నావో లేదో, దాంతోపాటే రాయి. బుధవారం తర్వాత వస్తే నేను చేయగలిగింది ఏమీ ఉండదు.

నీ మేనకోడలు
ఇల్మా